పెద్ద ఉపరితల పేలుడును నేలలోనూ గాలిలోనూ నమోదు చేయడం ఎలా?

నేల మీద పేర్చిన పదుల టన్నుల పేలుడు పదార్థం ఒక్కసారిగా పేలినప్పుడు ఆ శక్తిలో కొద్ది పాలు మాత్రమే భూమిలోకి దిగుతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం వేడిగానూ, గాలిలో పీడన తరంగంగానూ పోతుంది. కాబట్టి ఉపరితల పేలుడును అర్థం చేసుకోవడానికి భూకంపమాపకం ఒక్కటే చాలదు. 20 హెర్ట్జ్‌కు దిగువన ఉండి మనిషి చెవికి అందని ఇన్‌ఫ్రాసౌండ్‌ను పట్టే పీడన సెన్సార్‌ను దాని పక్కనే నిలపాలి. 2020 ఆగస్టు 4న బేరూత్ ఓడరేవులో సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ నిల్వ పేలిపోయినప్పుడు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ప్రకటించిన భూకంప పరిమాణం 3.3 మాత్రమే. శక్తిలో ఎక్కువ భాగం గాలిలోకి పోయింది గనుక ఆ అంకెను అదే పరిమాణమున్న భూకంపంతో పోల్చరాదు. గాలిలో సాగిన తరంగాన్ని మాత్రం వేల కిలోమీటర్ల అవతల ఉన్న ఇన్‌ఫ్రాసౌండ్ కేంద్రాలు కూడా గుర్తించాయి.

ముందుగా ప్రకటించి జరిపే పేలుడును, లేదా గనుల్లో రోజువారీగా జరిగే పేలుళ్లను సురక్షితమైన దూరం నుంచి నమోదు చేయదలచిన కళాశాల భౌతికశాస్త్ర విభాగాలకూ, సొంతంగా భూకంప కేంద్రం నడుపుకునే ఆసక్తిపరులకూ ఈ మార్గదర్శి ఉద్దేశించినది. పేలుడు జరపడం అనుమతి పొందిన సంస్థల పని. ఆ విషయం ఇందులో ఎక్కడా ఉండదు.

ముందుగా సయారిమ్ ప్రయోగాలను అర్థం చేసుకోండి

ఈ రంగంలో అడుగుపెట్టేవారు మొదట తెలుసుకోవలసింది ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, సయారిమ్ సైనిక క్షేత్రంలో జరిగిన మూడు అమరిక పేలుళ్ల గురించి. అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందపు పర్యవేక్షణ వ్యవస్థలోని ఇన్‌ఫ్రాసౌండ్ కేంద్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి ఈ పేలుళ్లను ప్రత్యేకంగా జరిపారు. మొదటిది 2009 ఆగస్టు 26న, రెండోది 2011 జనవరి 24న, మూడోది అదే ఏడాది జనవరి 26న జరిగాయి. టి.ఎన్.టి. సమానంలో వాటి బలం వరుసగా 96, 7.4, 76.8 టన్నులు. పేలిన చోటు, క్షణం, బలం మూడూ కచ్చితంగా తెలిసి ఉండటం వల్ల వాటి రికార్డులు ఈనాటికీ కొలబద్దగా పనికివస్తున్నాయి.

ఆ ప్రయోగాల్లో అందరూ గుర్తుంచుకోవలసిన ఫలితం ఒకటుంది. ఆగస్టు పేలుడు ధ్వని వాయవ్య దిశలో సుమారు 3,500 కిలోమీటర్ల వరకు అందింది. జనవరి పేలుళ్ల ధ్వని ఈశాన్య దిశలో సుమారు 6,300 కిలోమీటర్ల దాకా వెళ్లింది. పైగాలులకు ఎదురు దిశలో మాత్రం మూడింటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ పట్టలేకపోయారు. బలంలో ఆగస్టు పేలుడే అన్నిటికన్నా పెద్దది. అయినా అంతకన్నా చిన్న పేలుడు దానికి దాదాపు రెట్టింపు దూరం వినబడింది. ఖరీదైన సెన్సార్ కొనే ముందు, పేలుడు రోజున పైన గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవడానికి ఒక పూట వెచ్చించమని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మొదటి అడుగు: పైగాలిని చూసి చోటు ఎంచుకోవడం

ధ్వని గాలిలో తిన్నగా సాగదు. ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గే దిగువ వాతావరణంలో అది పైకి వంగి నేలను వదిలి వెళ్లిపోతుంది. సుమారు 40 నుంచి 60 కిలోమీటర్ల ఎత్తున, అక్కడి వెచ్చదనానికి అనుకూలమైన గాలి కూడా తోడైతే మళ్లీ కిందికి వక్రీభవనం చెంది, ఎంతో దూరాన నేలను తాకుతుంది. ధ్వని నేలను వదిలిన చోటికీ మళ్లీ తాకిన చోటికీ మధ్య, చాలా సందర్భాల్లో పేలుడు నుంచి సుమారు 80 కిలోమీటర్లు మొదలుకొని 200 కిలోమీటర్ల వరకు, ఏమీ వినబడని నిశ్శబ్ద మండలం ఏర్పడుతుంది. సెన్సార్ ఎంత మంచిదైనా ఆ మండలంలో పెడితే ఖాళీ రికార్డుతో ఇంటికి రావలసి ఉంటుంది. భూకంప తరంగాలకు ఈ బాధ లేదు. అవి దూరంతోపాటు క్రమంగా బలహీనపడతాయి, అంతే.

ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో స్ట్రాటోస్ఫియర్ అనే ఎగువ వాతావరణ పొరలోని గాలి వేసవిలో పడమరకు, శీతాకాలంలో తూర్పుకు వీస్తుంది. సయారిమ్ ఫలితాలకు మూలం అదే. మన తెలుగు నేల ఉష్ణమండలంలో ఉండటం వల్ల ఆ నియమాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చి అన్వయించకూడదు. నైరుతి రుతుపవనాల కాలంలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున బలమైన తూర్పు జెట్ గాలి దక్షిణ భారతం మీదుగా పడమరకు వీస్తుంది కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో సెన్సార్‌ను పేలుడుకు పడమట పెట్టడం మంచి పందెం. మిగిలిన నెలల్లో ఊహ మీద ఆధారపడకుండా ఆ రోజు గాలిని చూడాలి. వాతావరణ శాఖ ఎగరేసే రేడియోసాండ్ బెలూన్ల కొలతలు సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు దాకా అందుతాయి. ఆ పైన ఏముందో తెలియాలంటే యూరప్ వాతావరణ కేంద్రం ఉచితంగా ఇచ్చే ఈఆర్ఏ-5 సమాచారాన్ని దించుకోవాలి. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడిపే ఎం.ఎస్.టి. రాడార్ సుమారు 20 కిలోమీటర్ల వరకు గాలిని కొలుస్తుంది. ఆ చుట్టుపక్కల పనిచేసే కళాశాలలు వారిని సంప్రదించడం మేలు.

వీలుంటే రెండు చోట్లు ఎంచుకోండి: ఒకటి 10 నుంచి 50 కిలోమీటర్ల లోపు, గాలి ఎటు వీచినా ధ్వని నేరుగా అందే అవకాశం ఎక్కువగా ఉండే చోట, రెండోది 200 కిలోమీటర్లు దాటి, పైగాలి వీచే వైపు. ఒకటే పెట్టగలిగితే మొదటిదాన్నే ఎంచుకోండి.

రెండో అడుగు: పరికరాలు

నేల కదలికకు మూడు స్థాయిల పరికరాలున్నాయి. 4.5 హెర్ట్జ్ జియోఫోన్ చవకైనది, గట్టిది, కొన్ని పదుల కిలోమీటర్ల లోపు పేలుళ్లకు చాలినది. ఒక హెర్ట్జ్ సీస్మోమీటర్ వంద కిలోమీటర్లకు పైగా పనికివస్తుంది. ఇంకా దూరానికి, దీర్ఘ ఆవర్తన కాలపు ఉపరితల తరంగాలకు బ్రాడ్‌బ్యాండ్ పరికరం కావాలి. గాలికి సూక్ష్మ పీడనమాపకం కావాలి. దాని స్పందన కనీసం 0.1 నుంచి 10 హెర్ట్జ్ వరకు సమతలంగా ఉంటే దూరపు పనికి కూడా సరిపోతుంది. రాస్ప్‌బెర్రీ షేక్ అండ్ బూమ్ అనే చిన్న పెట్టెలో నిలువు జియోఫోన్, ఇన్‌ఫ్రాసౌండ్ సెన్సార్ రెండూ ఉంటాయి. అది సెకనుకు 100 నమూనాలు తీసి, అంతర్జాతీయంగా వాడే మినీసీడ్ రూపంలో దాచుతుంది. దాని పీడన సెన్సార్ దిగువ హద్దు ఒక హెర్ట్జ్ దగ్గర ఉండటం దగ్గరి పేలుళ్లకు ఇబ్బంది కాదు. పెద్ద పేలుడును వందల కిలోమీటర్ల దూరాన పట్టాలనుకునేవారు మాత్రం ఇంకా దిగువకు వినే సెన్సార్ సంపాదించాలి.

సెన్సార్ సంకేతాన్ని అంకెలుగా మార్చే డిజిటైజర్ 24 బిట్‌లది అయి ఉండాలి. 16 బిట్‌ల దాంట్లో బలహీన భూకంప తరంగానికి గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెంచితే ఆ తర్వాత వచ్చే పీడన తరంగం కొలత హద్దు దాటి, శిఖరాలు తెగిపోతాయి.

మూడో అడుగు: భూకంపమాపకాన్ని నేలతో కలపడం

మట్టి మీద పెట్టిన పరికరం ఆ మట్టి పొర కదలికను పెంచి చూపుతుంది. కింది రాతి కదలిక ఎంతో అప్పుడు తెలియదు. దక్కన్ పీఠభూమిలో గ్రానైటు చాలాచోట్ల నేల మట్టానికే వచ్చి కనబడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్న ప్రపంచ స్థాయి భూకంప కేంద్రం అలాంటి గట్టి రాతి నేల మీదిదే. బండ దొరికితే దాని మీద సన్నగా సిమెంటు గచ్చు పోసి, ఆరిన తర్వాత పరికరాన్ని పెట్టాలి. దొరకకపోతే అర మీటరు నుంచి మీటరు లోతు గొయ్యి తవ్వి, అడుగున పొడి మట్టి దిమ్మిస కొట్టి, పలక పరచి, దాని మీద నిలపాలి. నీటిబుడగ మధ్యకు వచ్చేదాకా మూడు కాళ్ల మరలు తిప్పి, తర్వాత వాటి బిగింపు నట్లు బిగించాలి. ఆ నట్లు మరిచిపోతే పరికరం వదులుగా నిలబడి, పేలుడు తరంగానికి తనంతట తానే గణగణలాడుతుంది. ఉత్తరపు గుర్తును దిక్సూచితో సరిచూడవచ్చు. మన ప్రాంతంలో అయస్కాంత దిక్పాతం ఒక డిగ్రీ అటూఇటుగానే ఉంటుంది.

బోరు మోటార్లకు, రైలు పట్టాలకు, పిండిమరలకు దూరంగా జరగాలి. మోటారు రొద 24 లేదా 48 హెర్ట్జ్ దగ్గర సన్నని గీతలా కనబడుతుంది కాబట్టి ఫిల్టర్‌తో తీసేయవచ్చు. లారీ చప్పుడు మాత్రం సరిగ్గా మనకు కావలసిన 2 నుంచి 10 హెర్ట్జ్ మధ్యనే వచ్చి పడుతుంది. పరికరం మీద బోర్లించిన బకెట్టు, దాని చుట్టూ ఇసుక బస్తాలు ఉంచితే గాలి తాకిడి తగ్గుతుంది. ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి కాబట్టి వాటిని పి.వి.సి. గొట్టంలో దూర్చి పాతడం తప్పనిసరి.

నాలుగో అడుగు: గాలి సెన్సార్, గాలి రొద

ఇన్‌ఫ్రాసౌండ్ పనిలో సగం శ్రమ గాలి రొదను తగ్గించడమే. సెకనుకు ఐదు మీటర్ల వేగంతో వీచే మామూలు పిల్లగాలి కూడా సెన్సార్ ముఖం దగ్గర సుడులు తిరిగి, దూరపు పేలుడు సంకేతాన్ని మింగేసేంత పీడన మార్పు కలిగిస్తుంది. గాలి సుడులు చిన్నవి. కొన్ని మీటర్ల దూరంలోనే ఒకదానికొకటి పొంతన ఉండదు. పేలుడు ధ్వని తరంగదైర్ఘ్యం ఒక హెర్ట్జ్ దగ్గర సుమారు 340 మీటర్లు. కాబట్టి అనేక బిందువుల దగ్గరి పీడనాన్ని కలిపి సగటు తీస్తే సుడుల రొద పరస్పరం రద్దవుతుంది, ధ్వని నిలుస్తుంది.

దీనికి తోటల్లో వాడే, గోడంతా సన్నటి రంధ్రాలున్న రబ్బరు సోకర్ హోస్ చక్కగా పనికివస్తుంది. సుమారు 15 మీటర్ల ముక్కలు నాలుగు తీసుకుని, ఒక్కొక్కదాని చివర మూసి, రెండో చివరను సెన్సార్ ముఖానికి ఒకే కూడలి ద్వారా కలిపి, నాలుగు వైపులకూ నేల మీద పరచాలి. వాటి మీద ఎండుగడ్డి, కంకర లాంటివి పలుచగా కప్పవచ్చు. జిగట నల్లరేగడి మట్టి వద్దు, తడిస్తే రంధ్రాలు పూడిపోతాయి. కూడలి దగ్గర గాలి కారకుండా టేపు చుట్టాక చేతివేలితో అతుకుల మీద మెల్లగా తట్టి, తెర మీద రేఖ ఎగిరిపడుతుందేమో చూడాలి. ఎగిరిపడితే అక్కడ కారుతున్నట్టే. హోస్ పొడవు పెంచుకుంటూ పోవడం మాత్రం మంచిది కాదు, ఎక్కువ పౌనఃపున్యం గల సంకేతం కూడా అందులోనే సగటైపోతుంది.

గొట్టాలకన్నా మేలైన తెర దట్టమైన చెట్ల తోపు. బాగా పెరిగిన మామిడి లేదా జీడిమామిడి తోటలో నేలకు దగ్గరగా గాలి వేగం పడిపోతుంది. అయితే సముద్రానికి దూరంగా ఉన్న తోట కావాలి. తీరం దగ్గర అలలు విరిగే చప్పుడు కొన్ని హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఎడతెగకుండా వినబడుతుంది. లోతట్టున కూడా 0.2 హెర్ట్జ్ దగ్గర సముద్రపు అలలు పుట్టించే మైక్రోబారోమ్‌లు ఎప్పుడూ ఉంటాయి. వాటిని వదిలించుకోలేం, ఫిల్టర్‌తో పక్కన పెట్టడమే మార్గం.

సెన్సార్ నిజంగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి చిన్న పరీక్ష ఉంది. సెన్సార్‌ను గాలి లేని గదిలో ఉంచి, ఒక్క ఊపున మీటరు ఎత్తుకు లేపాలి. మీటరు ఎత్తులో వాతావరణ పీడనం సుమారు 11 నుంచి 12 పాస్కల్‌లు తగ్గుతుంది కాబట్టి తెర మీద రేఖ అంత మేర కిందికి గెంతి, దిగువ హద్దు 0.05 హెర్ట్జ్ ఉన్న సెన్సార్ అయితే కొన్ని సెకన్లలో మెల్లగా సున్నాకు చేరాలి. గెంతు ఎత్తు తేడాగా ఉంటే తయారీదారు ఇచ్చిన గుణకాన్ని నమ్మకుండా మళ్లీ సరిచూడాలి.

ఐదో అడుగు: నాలుగు సెన్సార్ల అమరిక, సమయం

ఒక్క సెన్సార్ పీడనం మారిందని మాత్రమే చెబుతుంది. అది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేదు. కనీసం నాలుగు సెన్సార్లను, 100 మీటర్ల భుజాలున్న త్రిభుజపు మూడు మూలల్లో మూడు, మధ్యలో ఒకటి చొప్పున పెడితే తరంగం ఒక్కొక్కదాన్ని తాకిన వేళల తేడా నుంచి దిక్కు, వేగం రెండూ లెక్కకట్టవచ్చు. మధ్య సెన్సార్‌కూ మూలకూ దూరం సుమారు 58 మీటర్లు అవుతుంది. రెండు హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యంలో సగం 85 మీటర్లు కాబట్టి ఆ పౌనఃపున్యం వరకు దిక్కులో తికమక రాదు. కర్ణాటకలోని గౌరీబిదనూరు దగ్గర, మన హిందూపురానికి పొరుగున, భాభా అణు పరిశోధన కేంద్రం 1960ల నుంచి నడుపుతున్న భూకంప అరే (సెన్సార్ల సమూహం) కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అక్కడ నేల తరంగాల వేగం ఎక్కువ గనుక సీస్మోమీటర్లను కిలోమీటర్ల దూరంలో పరిచారు.

సమయం విషయంలో రాజీ పడవద్దు. ధ్వని 100 మీటర్లు దాటడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. అందులో 10 మిల్లీసెకన్ల పొరపాటు జరిగినా దిక్కు దాదాపు రెండు డిగ్రీలు తప్పుతుంది. 100 కిలోమీటర్ల దూరాన అది మూడున్నర కిలోమీటర్ల తేడా. మొబైల్ ఇంటర్నెట్ ద్వారా సరిచేసే గడియారం ఇంతకన్నా ఎక్కువే తప్పవచ్చు కాబట్టి ప్రతి డిజిటైజర్‌కూ ఆకాశం బాగా కనబడే చోట జి.పి.ఎస్. యాంటెన్నా పెట్టాలి. రికార్డు అంతా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోనే ఉండాలి. బేరూత్ పేలుడు స్థానిక కాలమానంలో సాయంత్రం 6 గంటల 8 నిమిషాలకు జరిగింది. అది ప్రామాణిక సమయంలో 15:08, మన గడియారంలో రాత్రి 8:38. ఇలాంటి మార్పిడిని రికార్డు చేశాక చేయాలి తప్ప, రికార్డు చేసేటప్పుడు కాదు.

ఆరో అడుగు: పేలుడు రోజు

పరికరాలను కనీసం ఒక రోజు ముందే నడిపించి రాత్రి, పగలు రొద ఎంతుందో చూసుకోవాలి. గోదావరి లోయలోని సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టుపక్కల ఉన్నవారికి సాధన కోసం పేలుళ్లు దొరుకుతాయి. గని పేలుళ్లలో రంధ్రాలను మిల్లీసెకన్ల ఎడంతో వరుసగా పేలుస్తారు కాబట్టి సంకేతం సాగి కనబడుతుంది. అయినా అమరికను, గడియారాన్ని, గెయిన్‌ను సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం లేదు. హెచ్చరిక సైరన్ మోగే హద్దు లోపలికి ఏ కారణం చేతనూ వెళ్లకూడదు, ఇతరుల పొలంలో పరికరం పెట్టే ముందు రైతును అడగాలి.

రికార్డు ఎంతసేపు ఉంచాలో దూరాన్ని బట్టి ముందే లెక్కవేసుకోవాలి. 240 కిలోమీటర్ల దూరంలో మొదటి భూకంప తరంగం సుమారు 40 సెకన్లకు వస్తుంది. దిగువ వాతావరణం గుండా ధ్వని వస్తే 11 నిమిషాల 46 సెకన్లకు చేరుతుంది. స్ట్రాటోస్ఫియర్ నుంచి వంగి వచ్చేది సుమారు 13 నుంచి 14 నిమిషాల మధ్య చేరుతుంది. వంద కిలోమీటర్లు దాటిన ఎత్తు నుంచి తిరిగి వచ్చే బలహీన తరంగం 18 నిమిషాల దాకా ఆలస్యం కావచ్చు. పేలుడు శబ్దం వినబడలేదని పది నిమిషాలకే పరికరం కట్టేసేవారు అసలు సంకేతాన్నే పోగొట్టుకుంటారు. అరగంట ముందు మొదలుపెట్టి, గంటన్నర తర్వాత ఆపండి.

చేతి పుస్తకంలో గాలి వేగం, ఉష్ణోగ్రత, వాన, ఉరుములు, దగ్గరగా వెళ్లిన వాహనాలు వేళతో సహా రాసిపెట్టాలి. ప్రతి సెన్సార్ అక్షాంశం, రేఖాంశం, సీరియల్ నంబరు, గెయిన్ కూడా అక్కడే రాయాలి. ఇవి లేని రికార్డు ఆరు నెలల తర్వాత ఎవరికీ ఉపయోగపడదు.

ఏడో అడుగు: రికార్డును చదవడం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆబ్స్‌పై ఈ పని మొత్తానికి సరిపోతుంది. మొదట సగటును, వాలును తీసేసి, పరికర స్పందనను తొలగించి, నేల రికార్డును సెకనుకు మీటర్లలోకి, గాలి రికార్డును పాస్కల్‌లలోకి మార్చాలి. తర్వాత నేలకు 2 నుంచి 8 హెర్ట్జ్, గాలికి 0.5 నుంచి 5 హెర్ట్జ్ ఫిల్టర్ వేసి చూడాలి. రెండు రికార్డులనూ ఒకే కాలరేఖ మీద ఒకదాని కింద ఒకటి గీయండి.

నేల రికార్డులో మొదట ప్రాథమిక తరంగం వస్తుంది. పేలుడు అన్ని వైపులకూ నెడుతుంది కాబట్టి నిలువు రేఖలో తొలి కదలిక పైకి ఉండాలి. ఆ వెనుక వచ్చే ఉపరితల తరంగం, మూలం నేల మట్టాన ఉండటం వల్ల, దగ్గరి దూరాల్లో ఎంతో బలంగా కనబడుతుంది. ఆ తర్వాత చాలాసేపటికి నేల రికార్డులో మరో చురుకైన కదలిక వస్తుంది. అది భూమిలోంచి వచ్చినది కాదు. గాలిలో వచ్చిన పీడన తరంగం నేలను తట్టిన గుర్తు. అదే క్షణాన పక్కనున్న పీడన సెన్సార్‌లోనూ సంకేతం ఉంటే సందేహం తీరుతుంది. రెండు పరికరాలను పక్కపక్కన పెట్టడానికి నా దృష్టిలో ఇదొక్కటే చాలినంత కారణం.

ఈ జంట రాకల నుంచి దూరం తేలికగా వస్తుంది. గాలి తరంగం వచ్చిన వేళ నుంచి మొదటి భూకంప తరంగం వచ్చిన వేళను తీసివేసి, ఆ సెకన్లను 0.36తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఇది ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, నేల తరంగ వేగం ఆరు కిలోమీటర్లు అనుకున్నప్పటి లెక్క. తేడా 100 సెకన్లైతే దూరం 36 కిలోమీటర్లు. మన వేసవి పగలు ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్నప్పుడు ధ్వని వేగం 350 మీటర్లకు చేరుతుంది కాబట్టి 0.37తో గుణించాలి. ధ్వని పైకి వెళ్లి వంగి వచ్చే దూరాలకు ఈ సూత్రం వర్తించదు.

దిక్కు కోసం నాలుగు సెన్సార్ల రికార్డులను, ఏ దిక్కు, ఏ వేగం అనుకుంటే అవి బాగా సరిపోలుతాయో వెతికే ఎఫ్‌కె పద్ధతిలో విశ్లేషించాలి. వచ్చిన వేగం సెకనుకు 340 నుంచి 400 మీటర్ల మధ్య ఉండి, నాలుగింటి అలలు ఒకదానితో ఒకటి బాగా సరిపోలితేనే దాన్ని ధ్వనిగా అంగీకరించాలి. అడ్డగాలి వల్ల దిక్కు కొన్ని డిగ్రీలు పక్కకు జరగడం సహజం.

చివరిగా, పేలుడు బలం. ధ్వని కంపన పరిమితి నుంచి బలం తేల్చాలనే ఉత్సాహం అందరికీ కలుగుతుంది కానీ, పైగాలి దయ మీద ఆధారపడే ఆ అంకెను నేను ఆఖరున మాత్రమే చూస్తాను. ఆవర్తన కాలం అంతకన్నా నమ్మదగినది. పేలుడు బలం పదింతలైతే దూరం, కాలం రెండూ ఘనమూలం చొప్పున, అంటే సుమారు 2.15 రెట్లు పెరుగుతాయి. అందువల్ల బలం తెలిసిన ఒక పేలుడును అదే చోట నమోదు చేసి ఉంటే, కొత్త పేలుడు ఆవర్తన కాలాన్ని దానితో పోల్చి, ఆ నిష్పత్తిని మూడో ఘాతానికి పెంచితే బలాల నిష్పత్తి వస్తుంది. ఆవర్తన కాలంలో పది శాతం పొరపాటు బలంలో ముప్పై శాతానికి పైగా అవుతుంది కనుక, ఫలితాన్ని ఒక్క అంకెగా కాక కనిష్ఠ, గరిష్ఠ హద్దులతో రాయాలి. ఆ హద్దులతోపాటు ముడి మినీసీడ్ ఫైళ్లను, స్టేషన్‌ఎక్స్ఎంఎల్ అనే ఫైలు రూపంలో పరికర వివరాలను, చేతి పుస్తకపు పుటల స్కాన్‌లను ఒకే ఫోల్డరులో ఉంచి, వేరే చోట రెండో ప్రతి కూడా దాచండి.